సూర్యలంక వెళ్లే రోజు టిఫిన్ ముందా, సముద్రం ముందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డిసెంబర్ నెలాఖరు సెలవుల్లో హైదరాబాద్ నుంచి కారులో వచ్చి శనివారం రాత్రి గుంటూరులో బంధువుల ఇంట్లో దిగుతారు. ఆదివారం ఉదయం బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్. వెంట నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులూ షుగరూ ఉన్న మీ అత్తయ్యగారు. గుంటూరులో కడుపునిండా టిఫిన్ చేసి బయల్దేరాలా, బీచ్ అయ్యాక తినాలా, పిల్లల్ని నీళ్లలోకి దింపొచ్చా, సూర్యలంక కన్నా చీరాల దగ్గరి వాడరేవు బీచ్ మేలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. సముద్రం ముందు, పూర్తి టిఫిన్ తర్వాత. దారిలో పొన్నూరులో తలా రెండు వేడి ఇడ్లీలు మాత్రం తిని, ఏడున్నరకల్లా ఇసుక మీద ఉండండి. తొమ్మిదిన్నరకు నీళ్లలోంచి బయటికొచ్చి, బాపట్ల ఊళ్లో తీరిగ్గా కూర్చుని తినండి. మీ అత్తయ్యగారికి మాత్రం ఈ లెక్క వర్తించదు. ఆవిడ సంగతి విడిగా చెబుతాను.

మాది పొన్నూరు దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్లుగా సొంత కారు ట్రావెల్స్‌కి తిప్పుతున్నాను. సెలవులొస్తే విజయవాడ, హైదరాబాద్ కుటుంబాలను ఎక్కించుకుని సూర్యలంక వెళ్లిరావడం నాకు రోజువారీ పని. పిల్లలు ఎక్కడ వాంతి చేసుకుంటారో, పెద్దవాళ్లు ఎక్కడ విసుక్కుంటారో చూసి చూసి తెలిసిన విషయాలే ఇవి.

గుంటూరులో ఎనిమిదింటికి నిద్ర లేచి, బంధువులు ప్రేమగా పెట్టిన పూరీ, గారెలు, ఉప్మా పెసరట్టు అన్నీ తిని తొమ్మిదిన్నరకు బయల్దేరే కుటుంబాలే ఎక్కువ. గుంటూరు నుంచి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల దాదాపు 50 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి సూర్యలంక ఇంకో 9. దూరం చిన్నదే గానీ ఊళ్ల మధ్య నుంచి పోయే రోడ్డు. గంటంపావు నుంచి గంటన్నర పడుతుంది. అంటే బీచ్‌కి చేరేసరికి పదకొండు. ఆదివారం ఆ వేళకి బస్సులు, ఆటోలు, కాలేజీ పిల్లల బైకులు అన్నీ వచ్చి ఉంటాయి. కారు ఎక్కడో దూరంగా ఆపి, ఎండలో చంటిదాన్ని ఎత్తుకుని నడవాలి. నూనె పూరీలు కడుపులో కదులుతుంటే రెండు గుక్కలు ఉప్పునీళ్లు నోట్లోకి పోతాయి. ఇక చెప్పేదేముంది, ఒక వాంతి ఖాయం. తిని నీళ్లలో దిగితే కండరాలు పట్టేస్తాయని పెద్దలు భయపెడతారు గానీ, నేను చూసినంతలో పిల్లలకు అసలు బాధ ఈ వాంతులదే.

ఈ మధ్య ఒక కుటుంబం సరిగ్గా ఇలాగే వచ్చింది. పాపకి బీచ్ చేరిన పావుగంటకే కడుపులో తిప్పింది. బామ్మగారు ఎండకి తట్టుకోలేక కారు ఏసీలో కూర్చున్నారు. వాళ్ల నాన్న కాసేపు సముద్రానికి, కాసేపు కారుకి తిరిగాడు. పన్నెండింటికి అందరూ విసుగ్గా వెనక్కి బయల్దేరారు. అంత దూరం నుంచి వచ్చి అలా వెళ్తుంటే నాకు నిజంగా మనసు చివుక్కుమంది. అదే కుటుంబం ఒక్క మూడు గంటలు ముందు వచ్చి ఉంటే రోజే వేరుగా ఉండేది.

బయల్దేరడం. గుంటూరులో పావుతక్కువ ఆరుకి కారు కదలాలి. సూర్యోదయం చూడాలని నాలుగున్నరకి లేపి పరుగులు పెట్టించకండి. మీరొచ్చే రోజుల్లో ఇక్కడ సూర్యుడు ఆరున్నర దాటాకే పైకొస్తాడు. అది బీచ్‌లో చూడాలంటే గాఢమైన చీకట్లో, మంచులో కారు నడపాలి. డిసెంబర్ నెలాఖరుకి మా వైపు మంచు బాగా పడుతుంది. దానికి తోడు వరి నూర్పుల కాలం. రైతులు ధాన్యాన్ని రోడ్డు మీదే సగం దాకా ఆరబోస్తారు, ఎవరూ తొక్కకుండా అంచున రాళ్లు వరసగా పెడతారు. రాత్రి పట్టాలు కప్పి ఉంచిన ఆ రాశులూ, ఆ రాళ్లూ మంచులో దగ్గరికొచ్చేదాకా కనపడవు. వెనక లైట్లు లేని ట్రాక్టర్లు సరేసరి. తెలియని రోడ్డు మీద చీకట్లో ఈ టెన్షన్ అక్కర్లేదు. సూర్యోదయం అంత ముఖ్యమనుకుంటే ముందు రాత్రే బాపట్లలో గానీ, సూర్యలంకలో పర్యాటక శాఖ వారి హరిత రిసార్ట్‌లో గానీ గది తీసుకోండి. సెలవుల్లో ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకదు.

పొన్నూరు చేరేసరికి తెల్లవారుతుంది. అక్కడ ఆగండి. ఏ బండి దగ్గర ఆగాలో పేరు చెప్పను. పేరున్న చోట ఆదివారం క్యూ ఉంటుంది, మీ దగ్గర అంత టైం లేదు. కూలికి వెళ్లేవాళ్లు, పాల క్యాన్లతో ఆగినవాళ్లు నిలబడి తింటున్న బండి చూసుకోండి. అక్కడ వాయి మీద వాయి దిగుతూ ఉంటుంది, చల్లారిన సరుకు ఉండదు. గుడ్డ వేసి పోసిన ఇడ్లీ దొరికితే అదే తినండి. మూత తీయగానే ఆవిరి మొహానికి కొడుతుంది. ఆయన పళ్లెం బోర్లించి, గుడ్డ వెనక కాసిని నీళ్లు చిలకరించి, ఒక కొస పట్టుకుని మెల్లగా లాగితే ఇడ్లీలు గుడ్డను వదిలి ఆకులో పడతాయి. వాటి మీద చెంచాడు కారప్పొడి, పైన కరిగిన నెయ్యి. పిల్లలకు కారప్పొడి బదులు నెయ్యీ, కాస్త పంచదారా వేయించండి. గుంటూరు కారం హైదరాబాద్ పిల్లలకు పొద్దున్నే పెట్టే వస్తువు కాదు.

తొమ్మిదేళ్ల బాబుని కిటికీ పక్కన కూర్చోబెట్టి పొలాలు చూపించండి. మా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందే, పైరు నిలబడి ఉండగానే, ఆ తడిలో మినుములు చల్లేస్తారు. మీరొచ్చే వేళకి వరి మోళ్ల మధ్య మినుము మొక్కలు పచ్చగా లేచి ఉంటాయి. ఇప్పుడు తిన్న ఇడ్లీలోని పప్పు ఇదేనని చెబితే పిల్లలకు బలే గుర్తుంటుంది. హైదరాబాద్‌లో మీరు రోజూ తినే సాంబ మసూరి సన్నబియ్యం కూడా ఈ దారిలోదే. దాన్ని తయారుచేసింది బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రం. బీపీటీ 5204 పేరుతో 1986లో విడుదలైంది. ఊళ్లోని వ్యవసాయ కళాశాల అంతకన్నా పాతది, 1945లో పెట్టారు.

మీ అత్తయ్యగారి విషయం. షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకునేవారికి టిఫిన్ వాయిదా వేయడం ప్రమాదం. ఆవిడకు ఇంట్లో అలవాటైన వేళకే, అలవాటైనంత తిండి పడాలి. కాబట్టి పొన్నూరులోనే ఆవిడను కడుపునిండా తిననివ్వండి. అంత పొద్దున్నే తినలేనంటే వాళ్ల డాక్టర్ చెప్పిన వేళ చూసుకుని ఇడ్లీ పొట్లం వెంట పెట్టుకోండి. పొట్లంలోకి కారప్పొడీ నెయ్యీ చాలు. కొబ్బరి చట్నీ కట్టించకండి, కారు వేడికి ఇట్టే పులుస్తుంది. బ్యాగులో చిన్న పంచదార పొట్లం ఉంచుకోండి. చెమటలు, వణుకు వస్తే వెంటనే పనికొస్తుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పొడి ఇసుకలో నడక నరకం. కాలు దిగబడుతుంది, లాగాలి, మళ్లీ దిగబడుతుంది. రోడ్డు చివర నుంచి నీళ్ల దాకా ఉన్న ఆ కాస్త దూరమే వాళ్లకు కష్టం. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ హాయిగా నడవగలరు. ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని ఆ మధ్య భాగం దాటించండి. ఇంట్లోంచి మడత కుర్చీ ఒకటి డిక్కీలో వేసుకోండి, దాని విలువ అక్కడ తెలుస్తుంది. తడి ఇసుక అంచున కుర్చీ వేసి, అలలు ఆవిడ పాదాల దాకా వచ్చి పోయేలా కూర్చోబెడితే చాలామంది పెద్దవాళ్లు గంటసేపు కదలరు. బాత్‌రూమ్ పని బాపట్లలోనే చూసుకుని వెళ్లండి. బీచ్‌లో ఉన్నా ఆదివారం శుభ్రంగా ఉంటాయని నేను హామీ ఇవ్వలేను.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, పిల్లల్ని దింపడం.

దింపొచ్చు. సూర్యలంక ఏటవాలు తక్కువగా ఉండే ఇసుక తీరం, రాళ్లు లేవు. అందుకే ఇంతమంది వస్తారు. కానీ ఇదే తీరంలో ఏటా మనుషులు కొట్టుకుపోతున్నారు. ఎక్కువ మంది చదువుకునే కుర్రాళ్లు, ఈత వచ్చినవాళ్లు కూడా. ఎందుకలా జరుగుతుందో తెలిస్తే మీరు జాగ్రత్త పడగలరు, అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాను.

మన వైపు సముద్రం అడుగు బల్లపరుపుగా ఉండదు. ఇసుక మెట్టలు, వాటి మధ్య గుంటలు ఉంటాయి. మోకాళ్ల లోతులో నాలుగడుగులు వేస్తే ఒక్కసారి నడుము లోతు వస్తుంది, ఇంకాస్త ముందుకెళ్తే మళ్లీ మోకాళ్ల లోతు. నిన్న మెట్ట ఉన్న చోట ఇవాళ గుంట పడొచ్చు. అందుకే పోయినసారి ఇక్కడే దిగాం, ఏం కాలేదు అనే మాటను నేను నమ్మను. ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలి కదా. అవి మెట్టల మధ్య సందు చూసుకుని కాలవలా కలిసి లోపలికి లాగుతాయి. ఆ సందులో అలలు విరగవు, నురగ ఉండదు, నీళ్లు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. తెలియనివాళ్లు అలలు లేవు కదా అని పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. అలలు విరిగే చోట్ల మధ్యలో ఒక జాగా నిశ్శబ్దంగా ఉంటే అక్కడికి వెళ్లకండి.

ఎవరైనా ఆ లాగుడులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. మనిషి అలిసిపోయేది దానివల్లే. తేలుతూ, చెయ్యి పైకెత్తి అరుస్తూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకి జరగాలి. ఆ కాలవ వెడల్పు ఎక్కువ ఉండదు. దాని అంచు దాటితే అలలే ఒడ్డుకి తోస్తాయి. ఈత రానివాళ్లు కాపాడటానికి దూకకూడదు. తాడు, ఖాళీ నీళ్ల క్యాన్, ట్యూబు ఏది దొరికితే అది విసరండి, కాపలా ఉన్న పోలీసులనూ గజ ఈతగాళ్లనూ పిలవండి.

మీ పిల్లలకు నేను పెట్టే హద్దు ఇది: పాపకి చీలమండలు, బాబుకి మోకాళ్లు. అంతకు మించి ఒక్క అడుగు కూడా వద్దు. ఒక్కో పిల్లకి ఒక్కో పెద్దమనిషి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. ఫొటోలకు పిల్లల్ని సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టడం నేను రోజూ చూస్తాను, చూసిన ప్రతిసారీ వెళ్లి చెబుతాను. మొన్నొక చిన్నపాప అలాగే నవ్వుతూ నిలబడి ఉండగా వెనక నుంచి అల వచ్చి పడగొట్టింది. లోతు మోకాళ్లకి కూడా లేదు. అల వెనక్కి పోతూ పాప కాళ్ల కింద ఇసుకను కూడా లాక్కుపోయింది. పక్కనే ఉన్న నేను చెయ్యి పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఫొటో కావాలంటే మీరే నీళ్ల వైపు నిలబడి, పిల్లల మొహం సముద్రం వైపు ఉండేలా తీయండి.

ఇంకో సంగతి. నీళ్లలో ఆడుతుంటే తెలియకుండానే ఒక పక్కకి జరిగిపోతాం. మీరు దిగిన చోటికి ఎదురుగా ఏదైనా గుర్తు పెట్టుకుని, మీ అత్తయ్యగారి కుర్చీ అయినా సరే, దానికి దూరమవుతున్న కొద్దీ బయటికొచ్చి మళ్లీ అక్కడికే నడవండి. పౌర్ణమి, అమావాస్యలకు పోటు ఎక్కువ ఉంటుంది, ఆ రోజుల్లో మరీ జాగ్రత్త. ఇక డిసెంబర్ అంటే మాకు తుపానుల నెల కూడా. మిచాంగ్ 2023 డిసెంబర్ 5న తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా, బంగాళాఖాతంలో ఎక్కడో వాయుగుండం ఉంటే అలల తీరు మారిపోతుంది. బయల్దేరే ముందు రోజు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. బీచ్ మూసేశామని పోలీసులు చెబితే బతిమాలకుండా వెనక్కి తిరగండి.

నీళ్లలో ఉండేది అరగంటే అయినా పిల్లలకు అసలు ఆట ఇసుకలోనే. తడి ఇసుకలో మోచేయి లోతు గుంట తవ్వితే అడుగున నీళ్లు ఊరతాయి, నాలుగేళ్ల పాపకి దాంతోనే గంట గడిచిపోతుంది. పొద్దున్నే జనం తొక్కకముందు వెళ్తే చిన్న పీతల కన్నాల చుట్టూ బఠాణీ గింజలంత ఇసుక ఉండలు ముగ్గు వేసినట్టు పరిచి ఉంటాయి. తొమ్మిది దాటితే అవేవీ మిగలవు. త్వరగా వెళ్లమనడానికి ఇదీ ఒక కారణమే. అదృష్టం బాగుంటే, గట్టు మీద నిలబడి రెండు వైపులా తాళ్లతో వల లాగే మత్స్యకారులు కనిపిస్తారు. దూరంగా నిలబడి చూడండి, తాళ్ల మధ్యకి పిల్లల్ని వదలకండి. అడిగితే సంతోషంగా చేపల పేర్లు చెబుతారు. జనవరి నుంచి ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుంటలో గుడ్లు కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ శాఖ వాళ్లకో, పోలీసులకో చెప్పండి.

చిన్న చిన్న పనులు గబగబా చెప్పేస్తాను. కారు ఇసుకలోకి దింపకండి, తేలిగ్గా కూరుకుపోతుంది. కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ ఇంకా దిగుతుంది. టైర్లలో కాస్త గాలి తగ్గించి, కింద తాటాకో, ఫ్లోర్ మ్యాటో వేసి మెల్లగా తీయాలి. కారు తాళం నీళ్లలో దిగని మనిషి దగ్గర ఉండాలి. బాపట్లలో 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్ ఒకటి కొనుక్కుంటే పిల్లల ఒళ్లు కడగడానికి సరిపోతుంది. ఒళ్లు ఆరాక అతుక్కున్న ఇసుకకి టాల్కం పౌడర్ చల్లి గుడ్డతో తుడిస్తే రాలిపోతుంది.

తొమ్మిదిన్నరకు లేవండి. పిల్లలు ఏడుస్తారు, అయినా లేవండి. బాపట్లలో రోడ్డు పక్క బండ్లు పది ప్రాంతానికే సర్దేస్తారు, కూర్చుని తినే హోటళ్లలో ఇంకో అరగంట దొరుకుతుంది. సముద్రంలో ఆడొచ్చిన పిల్లలు ఎలా తింటారో మీరే చూస్తారు. ఇంట్లో అర ఇడ్లీకి మారాం చేసేవాళ్లు మినపట్టు ఒక్కరే తినేస్తారు. అల్లం పచ్చడితో ఉప్మా పెసరట్టు, ఉల్లిపాయ వేసిన మినపట్టు, వేడి గారెలు ఇక్కడ బాగుంటాయి. మైసూర్ బజ్జీ ఆ వేళకి మొదటి వాయి అయిపోయి, మళ్లీ కాల్చిన నూనెలో వేస్తుంటారు, పిల్లలకు వద్దనే అంటాను. తిన్నాక అత్తయ్యగారికి ఓపిక ఉంటే ఊళ్లోనే భావనారాయణ స్వామి గుడి ఉంది, పాత గుడి, చూడదగ్గది. మధ్యాహ్నం తలుపులు వేయకముందే వెళ్లండి.

చివరగా వాడరేవు. చీరాల నుంచి 6 కిలోమీటర్లు. పడవలు, వలలు, చేపల బేరాలతో అది మత్స్యకారుల పని జరిగే ఊరు. చూడటానికి బాగుంటుంది గానీ చిన్నపిల్లలు దిగి ఆడుకోవడానికి సూర్యలంకే నయం. గుంటూరు నుంచి దూరం కూడా ఎక్కువ. తిరుగు ప్రయాణంలో మీకు టైం ఉంటే బాపట్ల నుంచి 216వ జాతీయ రహదారి మీద చీరాల వైపు వెళ్లండి. చీరాల దాటాక వేటపాలెంలో జీడిపప్పు కొనుక్కోవచ్చు, 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం బయట నుంచైనా చూడొచ్చు. దానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. అదే రోజు హైదరాబాద్ చేరాల్సి ఉంటే మాత్రం చీరాల పెట్టుకోకండి. పదకొండుకి బాపట్లలో బయల్దేరి, గుంటూరులో బంధువుల ఇంట్లో భోంచేసి పిల్లల్ని ఒక గంట నిద్రపుచ్చి, రెండున్నర మూడు మధ్య హైవే ఎక్కండి. పొద్దున్నే లేచి కారు నడిపిన మనిషికి కూడా ఆ గంట నిద్ర కావాలి.

మీరు వచ్చే తేదీ చెబితే ఆ రోజు తిథి, పోటు ఎలా ఉంటుందో చూసి చెబుతాను.